తాజ్ మొహమ్మద్ నడిచిన తొవ్వ

తాండూరు,
నవంబరు 1958

రాహేలూ,

ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అని ఉత్తరం పక్కన పడేయకు. ముందు చదువు, తర్వాత తిట్టు. మా వీధిలో నాతో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నేను రాస్తే చదివేదానివి నువ్వొక్కదానివే. మిషన్ బడిలో మనకు అక్షరాలు దిద్దించిన పెద్ద పంతులమ్మ ఈ రాత చూస్తే బెత్తం వెతుక్కుంటుంది. ఇప్పుడు అదే బడిలో నువ్వు పంతులమ్మవి కదా, బెత్తం నీ దగ్గరే ఉందేమో!

హాస్టలు కిటికీలోంచి అనంతగిరి గుట్ట చూస్తూ మనం వేసిన పథకం జ్ఞాపకముందా? గుట్టెక్కి, అవతలి అడవిలోకి దిగి, చెట్ల కింద వండుకుని, అక్కడే పడుకుంటూ మా తాండూరుదాకా నడిచిపోవాలని. పులి వస్తే ఎట్లా అని నువ్వు ఏడుపుముఖం పెట్టేదానివి. ఇప్పుడు ఇద్దరం ముప్పై దాటాం. పులికి కూడా మన మీద అంత ఆశ ఉండదు. పోదామా?

వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఎండలు ముదరకముందే పోవాలి. వికారాబాదు నుంచి గుట్ట మీదికి, అక్కడినుంచి అడవిలోంచి ధారూరు వైపు, ఆపైన వాగు వెంట తాండూరు. రైలెక్కితే పూటలో వచ్చే దూరమే. మనం మాత్రం నడుద్దాం.

అత్తమ్మ బాగానే ఉంది. మోకాళ్లు పట్టేశాయి, నోరు మాత్రం పట్టేయలేదు. ఈ ముచ్చట ఆమెకు ఇంకా చెప్పలేదు.

నీ
రబియా

*

వికారాబాదు,
నవంబరు చివర, 1958

ఓ పిచ్చి రబియా,

నీ ఉత్తరం పిల్లలకు పద్యం చెబుతుండగా వచ్చింది. తరగతిలోనే విప్పాను. నా నవ్వు చూసి పిల్లలు బిత్తరపోయారు.

పోదాం. సంక్రాంతి దాటాక నాకు సెలవు దొరుకుతుంది. నిన్న అంగడికి పోయినప్పుడు గొంగళ్లు అమ్మే బీరయ్యను పట్టుకున్నాను. గొర్రెలు కాసే మనిషి, ఆ అడవిలోనే పెరిగాడు. భార్య బుగ్గమ్మా అతనూ ధారూరు అవతల, వాగు రెండుగా చీలే చోట మంద వేసుకుని ఉంటారు. సంగతి చెప్పగానే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడోళ్లు ఇద్దరే వస్తరా పంతులమ్మా? గుట్టెనక ఎలుగులు ఉన్నయి."

"నువ్వు రోజూ తిరుగుతావు కదా బీరయ్యా, నిన్నేమీ చేయలేదే?"

"నన్ను అవి గుర్తువడతయి. మిమ్ములను గుర్తువట్టనీకి జర టైము పడ్తది" అని నవ్వాడు. చివరికి తానే తొవ్వ చూపిస్తానని, సామాను మోయడానికి గాడిదను తెస్తానని ఒప్పుకున్నాడు. వాగు ఎండినా ఇసుకలో చెలిమె తవ్వితే నీళ్లు ఊరతాయట. చీకటి పడేలోపే కట్టెలు పోగేసుకోవాలి, తెల్లవారేదాకా నిప్పు ఆరకూడదు. జొన్నరొట్టెలు కాల్చి ఎండబెట్టుకుంటే పాడుకావు. పల్లీలు, ఎండుమిరప కారం, ఉల్లిగడ్డలు నేను తెస్తాను. నువ్వు సత్తుపిండి తీసుకురా. అగ్గిపెట్టెలు మైనపుగుడ్డలో చుట్టు. గుడారం మాట ఎత్తితే బీరయ్య పకపకా నవ్వాడు. గొంగడి కప్పుకుంటే అదే ఇల్లట.

అంతా బాగుంది గానీ, ఒక్కటి అడుగుతాను. పదేళ్లుగా గడప దాటనిదానివి, ఇప్పుడు ఈ అడవి ఎందుకు గుర్తొచ్చింది?

నీ
రాహేలు

*

తాండూరు,
డిసెంబరు 1958

రాహేలూ,

నువ్వు అడుగుతావని తెలుసు. అడగకుండా ఉంటే బాగుండునని ఆశపడ్డాను.

పోలీసు యాక్షన్ రోజుల్లో మా ఆయన వికారాబాదులోనే ఉన్నాడు, నిజాం సర్కారు సుంకాలు వసూలు చేసే కరోడ్‌గిరి నాకా మీద జవాను. రైళ్లు ఆగిపోయాయి. రోడ్డు మీద పోతే ప్రమాదమని, అడవిలోంచి నడిచి తాండూరు వస్తున్నానని ఒక మనిషితో కబురు పంపాడు. కబురు వచ్చింది. ఆయన రాలేదు. ఇదంతా నీకు తెలిసిందే. నీకు తెలియనిది, ఆ మనిషి చెప్పిన దారి. అనంతగిరి, ధారూరు, వాగు వెంట తాండూరు. నీకు రాసిన దారి అదే. హాస్టలు పిల్లలప్పటి సరదా పేరు చెప్పి నిన్ను మభ్యపెట్టాను. సరదా అంటే వస్తావు, శవాన్ని వెతకడానికంటే వద్దంటావని.

ఇప్పుడే ఎందుకంటే, మా తమ్ముడు యూసుఫ్ ఒక సంబంధం తెచ్చాడు. నాపరాళ్ల గని మేస్త్రీ, భార్య పోయింది, మంచివాడేనంటున్నారు. "ఇంకా ఎన్నాళ్లు అక్కా? షరియత్ కూడా ఇన్నేండ్లు ఆగమనదు" అంటాడు యూసుఫ్. నిజమే. కానీ నేను పోతే అత్తమ్మకు ఎవరున్నారు? పోనీ ఉండిపోదామంటే ఏమని ఉండాలి, భార్యగానా, విధవగానా? పండుగనాడు గాజులు వేసుకోబోతే చేయి ఆగుతుంది, తీసేయబోతే కూడా ఆగుతుంది. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ అన్నం వడ్డించేటప్పుడు గిన్నెలో కొంచెం మిగల్చమంటుంది.

ఆయన ఎక్కడ పడిపోయాడో ఆ చోటు చూడాలి. ఒక రాయి దొరికినా చాలు, దాని ముందు ఫాతిహా చదివి వస్తాను. తర్వాత యూసుఫ్‌కు జవాబు చెబుతాను.

ఇప్పుడైనా వస్తావా?

రబియా

*

వికారాబాదు,
క్రిస్మసు ముందు, 1958

రబియా,

వస్తాను. ముందే చెప్పి ఉన్నా వచ్చేదాన్ని. నన్ను అంత తక్కువగా అనుకున్నావు కదా!

పథకం కొంచెం మారుద్దాం. ఊరికే నడిచిపోకుండా దారిలోని గూడేల్లో, మందల దగ్గర ఆగి అడుగుతూ పోదాం. అందుకు ఇంకొన్ని రోజులు పడతాయి, తిండి ఎక్కువ కావాలి. ఆ రోజుల్లో బీరయ్య ఆ అడవిలోనే మంద కాస్తుండేవాడట. వచ్చే అంగడిలో అడుగుతాను. మీ ఆయన ఇక్కడ పనిచేసిన రోజుల్లో నేను ఈ ఊళ్లో లేను, నీ పెళ్లిలో తప్ప చూడలేదు. ఆనవాలు రాయి.

రాహేలు

*

తాండూరు,
జనవరి 1959

రాహేలూ,

ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, చిన్నప్పుడు మేకపోతు పొడిచింది. పొడగరి. నడిచేటప్పుడు తల కొంచెం కుడివైపు వంచుతాడు, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు. తెలుగు బాగా వచ్చు. నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటాడు.

రాస్తుంటే ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదు, రాహేలూ. చెవి గుర్తుంది, నడక గుర్తుంది, ముఖం మసకబారింది. త్వరగా పోదాం.

సత్తుపిండి విసిరి పెట్టాను. ఎప్పుడు రావాలో చెప్పు.

రబియా

*

వికారాబాదు,
జనవరి చివర, 1959

రబియాకు,

బడిలో తనిఖీ ఉందట. సెలవు కుదిరేలా లేదు. పైగా గుట్ట దిగువన చిరుత ఒకటి లేగదూడను ఎత్తుకుపోయిందని చెప్పుకుంటున్నారు. బీరయ్య కూడా ఇప్పుడు వద్దంటున్నాడు. వానలు పడి తగ్గాక చూద్దాం. ఆయన గురించి అడిగాను, వాళ్లకు పెద్దగా గుర్తులేదు.

అత్తమ్మ మోకాళ్లకు ఆముదం కాచి రాయి. ఒంట్లో జాగ్రత్త.

రాహేలు

*

తాండూరు,
ఫిబ్రవరి 1959

రాహేలమ్మ గారికి,

తనిఖీ, చిరుత, ఆముదం. ఒక్క ఉత్తరంలో మూడు సాకులు. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. "పెద్దగా గుర్తులేదు" అంటే కొంచెం గుర్తుందనే కదా. ఆ కొంచెం ఏమిటో నువ్వు రాయలేదు.

నాకు తోడు రానంటే రాకు. నీకు సెలవు లేదు, నాకు ఓపిక లేదు. వాగు రెండుగా చీలే చోటు ఎక్కడో ధారూరులో అడిగితే చెబుతారు. యూసుఫ్‌ను వెంటబెట్టుకుని పోతున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి అడవిలో ఉంటాను.

రబియా

*

తాండూరు,
ఫిబ్రవరి చివర, 1959

రాహేలూ,

పోయి వచ్చాను. నీ మీద కోపం ధారూరు స్టేషనులో దిగేదాకా ఉంది. తర్వాత దానికి తీరిక దొరకలేదు.

కట్టెల బండి ఒకటి అడవి అంచుదాకా ఎక్కించుకుంది. అక్కడినుంచి నడక. మోదుగలు పూసి అడవంతా ఎర్రగా ఉంది, కింద ఆకులు ఎండి అడుగు వేస్తే గలగలమంటున్నాయి. నువ్వు రాసినట్టే చెలిమె తవ్వుకున్నాం, నిప్పు వేసుకున్నాం. ఆకు కదిలినా యూసుఫ్ కర్ర పట్టుకుని లేచేవాడు. నాకు భయం వేయలేదు. భయపడేంత ధ్యాస నాకు లేదు. పొదలో తెల్లగా ఏది కనిపించినా ఆగిపోయేదాన్ని. ఒకచోట రాతి పక్కన ఎముకలు కనబడితే కూలబడి దువా మొదలుపెట్టాను. యూసుఫ్ కర్రతో కదిపి చూసి "అక్కా, కొమ్ములున్నయి, మేకది" అన్నాడు. నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆపుకోలేక ఏడ్చాను.

మంద దగ్గరికి చేరేసరికి పొద్దున గొర్రెలను తోలుకుపోయే వేళ. బీరయ్య చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఉంది. "నేను తాజ్ మొహమ్మద్ భార్యను" అన్నాను. అతను గొర్రెపిల్లను మెల్లగా కింద పెట్టాడు.

"పంతులమ్మ చెప్పలేదా అమ్మా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నీకు అంతా తెలుసని.

బుగ్గమ్మ గొంగడి పరిచి నన్ను కూర్చోబెట్టింది. ఆమె మాటలు ఉన్నవున్నట్టు రాస్తాను. మార్చడానికి నాకు చేతకాదు.

"బతుకమ్మ పండుగకు ముందట, ఒకటే వాన. ఒళ్లంత కాలిపోతున్న జరంతోని వచ్చి మా దొడ్డి కాడ పడ్డడు. నీ మొగడు నా చేతి అంబలి తాగిండమ్మా. జరం తగ్గినంక గొర్లు కాసిండు, గొర్రెపిల్లల ఇరిగిన కాళ్లకు కట్లు కట్టిండు. మంచోడే."

"తర్వాత ఎప్పుడు చనిపోయాడు?" అని అడిగాను.

ఆమె బీరయ్య వైపు చూసింది. బీరయ్య నేల వైపు చూశాడు.

"సావలేదమ్మా" అంది.

ఆయనకు ఒంట్లో కుదుటపడ్డాక బీరయ్య గొంగళ్లు అమ్ముకోవడానికి తాండూరు వచ్చాడట, ఆయనే మా వీధి గుర్తులు చెప్పి పంపాడట. "ఇల్లు మంచిగనే ఉంది. ముసలమ్మ గడప మీద కూసుంది. నువ్వు బిందె ఎత్తుకోని వస్తున్నవు. నా కండ్లతోని చూసిన" అన్నాడు బీరయ్య. అది నాకు అన్ని రోజుల్లాంటి రోజే అయి ఉంటుంది. గొంగళ్లు అమ్మేవాణ్ని చూసి నేను పక్కకు తప్పుకుని లోపలికి పోయి ఉంటాను.

బీరయ్య తిరిగి వచ్చి ఇదంతా చెబితే ఆయన ఏడ్చాడట, అన్నం ముట్టలేదట. మరునాడు పొద్దున మాత్రం గుల్బర్గా తొవ్వ ఎటు అని అడిగాడు.

"నేను కొట్లాడిన" అంది బుగ్గమ్మ. "ఆలి ఉండంగ గటెందుకు పోతవయ్యా అన్న. 'జవాను బట్టలు తొడిగినోళ్లను పట్టుకపోతున్నరు, నేను ఇంటికి పోతే నా ఎనుక ఆళ్లు వస్తరు' అన్నడు. సర్దుకున్నంక వస్తవా అన్న. వస్తననలేదు, రాననలేదు. మేం కలిసినట్టు ఎవ్వలకు చెప్పొద్దని మాట తీస్కున్నడు."

అంతటితో ఆగితే, నేను ఆయనను క్షమించి ఉండేదాన్ని, రాహేలూ. ప్రాణభయం ఎవరికుండదు? యూసుఫే ఆగనివ్వలేదు. "మళ్ల కనబడ్డడా?" అని గద్దించాడు.

బీరయ్య చాలాసేపు ముక్కుతూ మూలుగుతూ చెప్పాడు. నాలుగైదేళ్ల కింద గొర్రెలు అమ్మడానికి గుల్బర్గా పోతే సంతలో కనిపించాడట. చెవి చూసి ఆనవాలు పట్టాడు. షోలాపూరులో బట్టల మిల్లులో పని చేస్తున్నాడట. భుజం మీద పిలగాడు ఉన్నాడు, వాడు తండ్రి చెవే పట్టుకుని కూర్చున్నాడట.

"ఏమన్నడు?" అన్నాను.

"చాయ తాపిచ్చిండు. అమ్మ ఉన్నదా అని అడిగిండు. ఉన్నది అన్న. గంతే."

"నా సంగతి?"

బీరయ్య లేచి గొర్రెల వైపు పోయాడు. బుగ్గమ్మ నా చేయి పట్టుకుంది. "మరిచిపోయిండో ఏమో బిడ్డా, సంతల సందడి" అంది.

ఆ మందకు అవతల తొవ్వ రెండుగా చీలుతుంది. ఒకటి తాండూరుకు, ఒకటి పడమటికి. ఎండలో చాలాసేపు అక్కడ నిలబడ్డాను. ఈ తొవ్వన రెండు రోజులు నడిస్తే ఇల్లు. ఇల్లు ఉందని, భార్య ఉందని, తల్లి గడప మీద కూర్చుని ఉందని తెలిసి కూడా ఆ రెండో తొవ్వన కాలు పెట్టాడు. నేను అటు కొంత దూరం నడిచి చూశాను. తేడా ఏమీ లేదు. అవే రాళ్లు, అవే మోదుగలు.

యూసుఫ్ షోలాపూరు పోయి ఆయన కాళ్లు విరగ్గొడతానన్నాడు. వద్దన్నాను. వాడు నా తమ్ముడు, జైలుకు పోవలసినవాడు కాదు.

అత్తమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. పీరు దర్గాకు పోయామనుకుంటోంది. నిన్న అన్నం వడ్డిస్తూ, గిన్నెలో కొంచెం మిగల్చలేదేమని అడిగింది. మరిచిపోయానన్నాను.

రబియా

*

వికారాబాదు,
మార్చి 1959

రబియా,

నీ ఉత్తరం చదివి బడికి పోలేదు.

ఎందుకు చెప్పలేదని నువ్వు అడగలేదు. అడగకపోయినా చెబుతాను. బుగ్గమ్మ మా బడి గేటు దగ్గరికి వచ్చి నాకు చెప్పింది. తాజ్ మొహమ్మద్ చనిపోయాడని చెప్పి ఉంటే, అదే రోజు రైలెక్కి వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని. ఈ మాట మాత్రం కాగితం మీద రాయబోతే చేయి సాగలేదు. నేరుగా వచ్చి చెబుదామని రెండుసార్లు స్టేషనుకు పోయి వెనక్కి వచ్చాను. పదేళ్లు నువ్వు ఒక మంచి మనిషి కోసం ఎదురుచూశావు. ఆ మంచి మనిషిని నీ దగ్గరినుంచి లాక్కోవడానికి నేనెవరిని అనిపించింది. నువ్వు వానాకాలందాకా ఆగుతావని, ఆలోపు ఆ మేస్త్రీకి ఒప్పుకుంటావని ఆశపడ్డాను. నువ్వు తిట్టినా నేను మళ్లీ అలాగే చేస్తానేమో. నాకు తెలియదు.

ఇంకొక మాట. అత్తమ్మకు చెప్పకు. ఆ ముసలి ప్రాణం తట్టుకోలేదు. కొడుకు అడవిలో పోయాడనే అనుకోనివ్వు. తెలిసీ తల్లి దగ్గరికి రాలేదని వింటే గుండె ఆగిపోతుంది.

నన్ను రమ్మంటే వస్తాను. తనిఖీ లేదు, చిరుత లేదు.

నీ
రాహేలు

*

తాండూరు,
మార్చి చివర, 1959

రాహేలూ,

నీ మాట వినలేదు. చెప్పేశాను.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మొన్న పొద్దున ఆమె నమాజు చేసుకుని దువాకు చేతులెత్తి, "యా అల్లా, నా బిడ్డ మట్టి ఎక్కడున్నదో ఒక్కసారి చూపించి నన్ను తీస్కపో" అని గొణుగుతోంది. నా ఎదుట రోజూ అదే దువా. నాకు తెలిసి, ఆమెకు తెలియకుండా, ఆ చేతులు అట్లా ఎత్తి ఉంటే చూడలేకపోయాను. ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అంబలి, జరం, గుల్బర్గా, మిల్లు, భుజం మీద పిల్లవాడు. ఏదీ దాచలేదు.

గుండె ఆగిపోతుందన్నావు. నేనూ అదే భయపడి నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "బతికే ఉన్నడా? నా తాజు బతికే ఉన్నడా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. ఉన్నాడన్నాను. "నన్ను అడిగిండా? అమ్మ ఉన్నదా అన్నడా?" అన్నాడన్నాను. "పిలగాడు ఎట్లున్నడట? వాని లెక్కనే ఉన్నడా?" అది నాకు తెలియదన్నాను.

అంతే, ఆమె పెద్దగా నవ్వింది. నోట్లో పళ్లు లేవు కదా, పసిపిల్ల నవ్వినట్టుంది. మోకాళ్లు పట్టేసిన మనిషి గోడ పట్టుకుని లేచి నిలబడింది. వాడు ఎందుకు రాలేదని ఒక్క మాట అనలేదు. నా ముఖం చూడలేదు. చూడలేదని నాకు కోపం రాలేదు, నమ్ము. పదేళ్లుగా చచ్చిపోయి ఉన్న కొడుకు ఆ నిమిషంలో మళ్లీ పుట్టాడు. పురుటింట్లో పక్కవాళ్ల ముఖాలు ఎవరు చూస్తారు?

షోలాపూరు తీసుకుపొమ్మంటోంది. మిల్లు ఏదో కనుక్కుని యూసుఫ్ దింపి వస్తాడు. చేయి చేసుకోనని నాకు మాటిచ్చాడు. ఎవరిని వదిలి ఎట్లా పోతానని ఆ సంబంధానికి జవాబు చెప్పలేదో, ఆమే ఇప్పుడు బట్టలు మూట కట్టుకుంటోంది. యూసుఫ్ తిరిగి వచ్చాక ఇద్దరం కాజీ సాబ్ దగ్గరికి పోతాం. వదిలేసిపోయిన మనిషి నుంచి విడుదల రాయించుకోవడానికి. మేస్త్రీ మాట ఆ తర్వాత. అవుననవచ్చు, కాదనవచ్చు. ఏదైనా నా నోటితో చెబుతాను.

నువ్వు రా. సెలవు దొరికినప్పుడే రా. ఆమె పోయాక ఈ ఇంట్లో నా గొంతు ఒక్కటే ఉంటుంది.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. అత్తమ్మ ఇంట్లో ఉన్న చక్కెరంతా పళ్లెంలో పోయించింది. "వీధి వీధంత పంచాలె బిడ్డా. నాకు కాళ్లు రావు, నువ్వు పోయి పంచు" అని పళ్లెం నా చేతికిచ్చింది. పైన శుభ్రమైన గుడ్డ కప్పి, కొనలు తానే సర్దింది.

పోయాను. ఇంటింటికీ పోయాను. సంగతి అప్పటికే గోడలు దాటిపోయింది, అందరూ ముబారక్ అన్నారు. కొందరు నన్ను కౌగిలించుకున్నారు. కొందరు చక్కెర అరచేతిలో పెట్టుకుని నోట్లో వేసుకోవాలో వద్దో తెలియక నా వైపు చూశారు. వీధి చివరి ఇంట్లో కొత్తగా వచ్చిన కోడలు ఉంది, మా సంగతులేవీ ఆ పిల్లకు తెలియవు. దోసిలి పట్టి, "ఏం ఖుషీ ఖబర్ అక్కా?" అని అడిగింది.

"మా అత్తమ్మ కొడుకు బతికే ఉన్నడట" అన్నాను.

రబియా